జీవమ్మక్క రోగమే పెద్దది

ఆళ్లగడ్డలో ఎవరికి ఏ రోగమొచ్చినా, అంతకన్నా పెద్దది జీవమ్మకు ముందే వచ్చి పోయి ఉండేది. పక్కింటి శేషయ్య జ్వరంతో పడుకుంటే, "అదీ ఒక జ్వరమేనా? నా జ్వరానికి దుప్పటి కమిలిపోయింది" అనేది. ఆయన ఎద్దు కుంటినా సరే, తన మోకాలు పట్టుకునేది.

గాజులు అమ్మే రహమత్‌బీకి ఈ పోటీ బాగా తెలుసు. ఒకసారి ఆమె కాలికి ముల్లు గుచ్చుకుంది. జీవమ్మ కాల్లోంచి ఏకంగా కంపచెట్టే పీకారట.

అందుకే యాభై ఆరో సంవత్సరం ఎండాకాలంలో, బొడ్డు దగ్గర పేగు ఉబ్బి నంద్యాల ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించుకున్న రహమత్‌బీ, కళ్ళు తెరిచి పక్క మంచం చూసి నీరసపడింది. జీవమ్మ! అదే ఉబ్బు, అదే ఆపరేషన్, ఒకరోజు ముందు.

"నాది గుమ్మడికాయంత ఉండె. నీదెంతమ్మే?"

"నిమ్మకాయంత, అక్కా."

"అయ్యో పాపం," అంది జీవమ్మ, నిజంగానే జాలిపడి.

వారం తిరిగేసరికి రహమత్‌బీ కుట్లకు చీము పట్టింది. ఒళ్ళు కాలిపోతోంది. మళ్ళీ విప్పి కడగాలనీ, లేకపోతే ప్రాణానికే ముప్పనీ డాక్టరు చెప్పి వెళ్ళాడు. ఆమె గుడ్డల మూట కట్టింది.

"యాడికి పోతాండావ్?" అంది జీవమ్మ.

"ఇంటికి. సచ్చినా ఇంకోసారి కోయించుకోను."

"ఇంతదానికేనా? నాకు చెంబెడు చీము కారింది. మొన్న నువ్వు జ్వరంలో ఒళ్ళు తెలీకుండా పడింటివి, అప్పుడే విప్పినారు. ఆకూవక్కా నమిలేలోగా అయిపాయ." జీవమ్మ కట్టు మీద చెయ్యేసి ఘనంగా మూలిగింది. "అయినా నీవల్ల యాడైతాది లే. పో, బస్సు పోతాది."

రహమత్‌బీకి రోషం పొడుచుకొచ్చింది. ఇన్నేళ్ళు ఓడింది చాలదా? మూట విసిరికొట్టి, "నర్సమ్మా, పిలువు డాక్టరును!" అని కేకేసింది.

లోపల కుట్లు విప్పుతుంటే ఆమె గావుకేకలు పెట్టింది. తలుపవతల నుంచి, "నేనింకా గట్టిగా అరిచినా!" అని జీవమ్మ గొంతు వినిపిస్తూనే ఉంది.

జ్వరం దిగింది. తర్వాత కట్టు మార్చడానికి నర్సు ప్రసన్నకుమారి వస్తే రహమత్‌బీకి మనసాగలేదు.

"ముందు అక్కకు మార్చమ్మా. ఆమెదే పెద్దది."

ప్రసన్నకుమారి నవ్వింది. "ఆమెకు మార్చేదానికి ఏముంది? కుట్లు ఎప్పుడో మానిపాయ. ఇంటికి పొమ్మంటే, నీ కడుపు మానేదాకా కదలనంటాంది. ఆ గుడ్డ ఆమే చుట్టుకుంది."

రహమత్‌బీ మెల్లగా అటు తిరిగింది. "ఏందక్కా, నీకు చీమే పట్టలేదా?"

జీవమ్మ గోడ వైపు చూసింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఎవరి ముందూ ఓడిపోలేదు.

"పట్టలేదు," అని ఒప్పుకుంది. "పట్టింటే మాత్రం నీదానికంటే ఎక్కువే పట్టేది!"