సగమే రాసిన వాగ్దానం

నా నోటు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టుగా ఇక్కడ ఎక్కిస్తున్నాను.

జనవరి 1: కొత్త సంవత్సరపు ఆరాధనలో నా భార్య పెట్టెలోనుండి వాగ్దానపు కార్డు, అంటే ఈ ఏటికి తన బైబిలు వాక్యం, తీసుకున్నది. దేవుడు అన్ని ఆపదలనుండి విడిపిస్తాడని అందులో ఉన్నది.

ఫిబ్రవరి 9: ఎడమ రొమ్ములో గడ్డ తగులుతున్నదని నాతో చెప్పింది. అప్పటికే నెల దాటిందట.

ఫిబ్రవరి 20: గూడూరు డాక్టరమ్మ చూసి, నెల్లూరు వెళ్లి వెంటనే సూది పరీక్ష చేయించమని చీటీ రాసిచ్చింది. మేము వెళ్లలేదు.

మార్చి 2: పరీక్ష అక్కరలేదు, వాగ్దానమే చాలునని నా భార్య సంఘం ముందు సాక్ష్యమిచ్చింది. మా పాస్టరు, సంఘ కాపరిగారు లేచి, “విశ్వాసమంటే ఇదీ” అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు.

మార్చి 11: కాపరిగారి ఇంటికి వెళ్లి అడిగాను. “నేను పోవద్దని అనలేదు గదా పెద్దయ్యా” అన్నారు. పొమ్మని కూడా అనలేదు.

పై జాబితాలో నా తప్పు ఎక్కించలేదు. అది వేరుగా రాయవలసినది.

చిట్టమూరు దగ్గర మా ఊరి సంఘానికి నేను సెక్రటరీని. వాగ్దానపు కార్డుల కట్టలు ఏటా నెల్లూరులో కొని తెస్తాను. ఈసారి ఇరవై కార్డులు తక్కువ పడ్డాయి. అట్టలు కత్తిరించి ఆ ఇరవై నేనే రాశాను. వాటిలో ఒక వాక్యానికి రెండు సగాలున్నాయి. నీతిమంతుడికి ఆపదలు ఎన్నో వస్తాయన్నది మొదటిది. వాటన్నిటిలోనుండి దేవుడు విడిపిస్తాడన్నది రెండోది. ఆపదలు వస్తాయన్న మాట ముందు కనబడితే మావాళ్లు కార్డు మళ్లీ పెట్టెలో వేసి మరొకటి తీస్తారు. ఏడాది పొడవునా ఆ మాట గోడమీద ఉంటే ఎట్లా అంటారు. అందుకని మొదటి సగం వదిలేశాను. అది దయ అనుకున్నాను. ఆ కార్డే నా భార్య చేతికి వచ్చింది.

గూడూరు నిమ్మకాయల మార్కెట్టులో ముప్పై ఏళ్లు గుమాస్తాగా ఉండి, కాయను చూసి సైజు రాసినవాణ్ణి. ఫిబ్రవరిలో గడ్డ ఎంతని అడిగితే ఆమె వేలి చివర చూపించి “ఇంత” అన్నది. ఇప్పుడు చూపించదు, నేను అడగను. బట్టలు ఆరవేసేటప్పుడు ఎడమ చెయ్యి పైకి లేవకపోవడం చూస్తాను. స్నానాల గదిలో చెంబు చప్పుడు ఆగితే తలుపు దగ్గరికి వెళ్లి నిలబడతాను. క్యాన్సర్ అన్న మాట మా ఇంట్లో ఇద్దరమూ అనలేదు.

నిన్న పగలు ఆమె వరండాలో రొయ్యలు ఒలుస్తున్నది. ఎదురుగా కూర్చుని చెప్పేశాను.

“ఆ కార్డు నేనే రాసినా. సగమే రాసినా.”

ఆమె తల ఎత్తలేదు. “తెలుసులే. నలభై ఏళ్లుగా చూస్తుండా, నీ చేతిరాత తెలీదా నాకు?”

“అది కాదు. ఆపదలు వస్తాయని మొదట ఉండాది. అది నేను వదిలేసినా.”

“సండే స్కూల్లో పిల్లకాయలకి ఆ వాక్యం కంఠతా పట్టించింది ఎవురయ్యా? నువ్వా, నేనా?”

“అంతా తెలిసి మరి ఎందుకు పోనంటావు?”

రొయ్య చేతిలోనే ఆగిపోయింది. “సూది గుచ్చి ఏం చెప్తారోనని. విశ్వాసమూ లేదు, పాడూ లేదు. భయమయ్యా నాకు.”

తుఫానుకు మా ఇంటి రేకులు లేచిపోయిన రోజున కూడా ఆమె పాటలు పాడుతూ కూర్చున్నది. ఆ నోట ఈ మాట వినడం ఇదే మొదలు.

“అయితే రేపే పోదాం పా.”

“ఎట్టా పోయేది? అంతమంది ముందర వద్దని చెప్పినా. అయ్యగారు మెచ్చుకున్నాడు. ఆ పొద్దునుంచి ఆడోళ్లు నా చేత ప్రార్థన చేయించుకుంటా ఉండారు. పక్కింటామె నన్ను జూసి షుగర్ మాత్రలు మానేసిందంట! ఇప్పుడు నేను నెల్లూరు బస్సెక్కితే మొగం యాడ పెట్టుకునేది? ఆయన పొమ్మంటే పోతా. ఆడ్నే, అందరి ముందర చెప్పాల.”

పక్కింటామె సంగతి నాకు అప్పుడే తెలిసింది. నా అరచేతంత అట్టముక్క రెండు ఇళ్లకు పాకింది.

విడిపించే దేవుడి చేతిలో డాక్టరు సూది ఉండకూడదని ఎక్కడైనా ఉన్నదేమోనని నిన్న రాత్రి ఒక్కటే కాదు, రెండు వారాలుగా గ్రంథం తిరగేస్తున్నాను. కనబడలేదు. వాగ్దానాన్ని నేను నమ్ముతున్నాను. నమ్ముతూనే వణుకుతున్నాను.

కాబట్టి సంఘ కాపరిగారికి నా విన్నపం కాదు, నా డిమాండు ఇది. నెల్లూరులో వచ్చే సోమవారం ఉదయానికి పరీక్ష ఖాయం చేశాను. నా భార్య ఆ పరీక్షకు వెళ్లవలెనని, వెళ్లడం అవిశ్వాసం కాదని, మందులు వాడుతున్నవారెవరూ మానరాదని మీ చేతితో రాసి, సంతకం చేసి, ఆదివారం ఆరాధనలో మీరే చదవాలి. కార్డు విషయంలో నా తప్పును అదే ఆరాధనలో లేచి నేను ఒప్పుకుంటాను. ఆమె వెళ్లకూడదన్నది మీ అభిప్రాయమైతే, దానినీ సంతకంతోనే ఇవ్వండి. శనివారం సాయంత్రం ఐదు గంటలకు మీ గుమ్మం ముందు ఉంటాను. నోటిమాట స్వీకరించను. లిఖితపూర్వకమైన జవాబు ఇవ్వవలెను.