గడపకు తగలని పలక

అవ్వకు తుంటి ఎముక విరిగి, ఆపరేషన్ అయ్యి, వాకర్ పట్టుకుని హాల్లో నడవడం మొదలుపెట్టాక గానీ అసలు చిక్కు మాకు తెలియలేదు. కోయంబత్తూరులో మాది పాత ఇల్లు. వీధి గుమ్మానికి టేకు గడప, జానెడు ఎత్తు. కాలు అంత పైకి ఎత్తకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. అంటే అవ్వకు హాలు ఉంది, వంటిల్లు ఉంది, బాత్‌రూము ఉంది. వీధి మాత్రం లేదు.

వీధి లేకపోతే మా అవ్వకు ఏమీ లేనట్టే. చిన్నమనూరు నుంచి కోడలిగా వచ్చినప్పటి నుంచి ఆమె సాయంకాలాలన్నీ గడప అవతలి వరండాలోనే గడిచాయి. వచ్చేపోయేవాళ్లతో తమిళంలో కబుర్లు, నాకు తెలుగులో తిట్లు. ఇప్పుడేమో టీవీ ఎదురుగా కూర్చుంటుంది, టీవీ చూడదు. వీధిలో ఎవరి గొంతైనా వినిపిస్తే తల అటు తిప్పుతుంది. ఆ గొంతు దాటిపోయాక మళ్లీ గోడవైపు తిరుగుతుంది. మాటలు తగ్గిపోయాయి. నన్ను తిట్టడం కూడా మానేసింది. అప్పుడు భయం వేసింది నాకు.

ఎత్తుకుని బయట కూర్చోబెడతామంటే ఒప్పుకోలేదు. "నేనేమి బియ్యం మూటనా?" అంది.

అమ్మ తమ్ముడు, మా మామ, వచ్చి గుమ్మం చూసి, "ఆశారిని పిలిచి గడప కోయించేద్దాం, అర్ధ గంట పని," అన్నాడు. మేము వడ్రంగిని ఆశారి అనే అంటాం. అవ్వ ఆయన మొహం వైపైనా చూడలేదు.

"కుడికాలు పెట్టి దాటి వచ్చిన గడప అది. నేను పోయినాక కోసుకోండి."

నాకు ఒళ్లు మండింది. "ఎవురూ ఏమీ కోయొద్దు. నేనే దారి చేస్తా," అన్నాను.

"నువ్వా?" అంది అమ్మ. "ఫోనుకి గ్లాసు అంటించేదానికి కూడా అంగడికి పరిగెత్తుతావు గదే!"

అమ్మ ఆ మాట అనకపోయుంటే నేను అంత పట్టుగా దిగేదాన్ని కాదేమో.

ఆఫీసు మీటింగుల్లో కెమెరా ఆపేసి ఏటవాలు దారులు కట్టే వీడియోలు చూశాను. అంగుళం ఎత్తుకు అడుగు పొడవు ఉండాలట. కొలిస్తే ఆ దారి గుమ్మం దగ్గర మొదలై, టీవీ ముందు నుంచి వంటింటి దాకా వచ్చేసింది. సోఫాను గోడకు జరిపాం. మేట్టుపాళయం రోడ్డులో కూల్చిన ఇళ్ల తలుపులు అమ్మే షెడ్డు నుంచి బరువైన పాత తలుపులు ఆటోలో వేసుకొచ్చాను. డ్రిల్లు ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఒక స్క్రూ తల అరిగిపోయి, ముందుకూ పోక, వెనక్కీ రాక సతాయిస్తే డ్రిల్లును సోఫా మీదికి విసిరేశాను. కాసేపటికి నేనే వెళ్లి తెచ్చుకున్నాను.

మొదటిసారి కట్టింది చూడ్డానికి బాగానే ఉంది. కింద ముక్కలు పేర్చి తలుపును ఏటవాలుగా పరిచి, పై అంచును గడప మీద ఆనించాను. దాని మీద ఎక్కి గెంతి చూశాను, కదలలేదు. గర్వంగా అవ్వను పిలిచాను.

వాకర్ తోసుకుంటూ వచ్చి ఆగింది.

"ఆ పలక దేని మీద ఆనుకోని ఉండాది?"

"గడప మీద."

"అంటే దినమూ నేను లక్ష్మి మీద కాలు పెట్టాలనా?"

"కాలు పలక మీద అవ్వా! పలక గడప మీద!"

"సరి. నీ తల మీద పీట వేస్తా, నేను పీట మీద నిలబడ్తా. నీకు సమ్మతమా?"

జవాబు లేనప్పుడు నాకు కోపమే వస్తుంది. "అయితే లోపలే ఉండు, పో!" అని అరిచాను. అవ్వ వాకర్ తిప్పుకుని టక్ టక్ మంటూ తన కుర్చీలోకి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

విసురుగా పలక ఎత్తాను. గడప మీది పసుపు అడుగున అంటుకుని వచ్చేసింది. గడప మీద అంతమేర ఉత్త కర్ర కనిపిస్తోంది, మోకాలు చెక్కుకుపోయినట్టు. అక్కడే కూర్చుండిపోయాను. ఫోను చూసుకుంటూ నడిచి ఈ ఇంట్లో ప్రతి గోడకూ గుద్దుకున్నాను. ఫ్రిజ్‌కు గుద్దుకున్నాను. గడపను మాత్రం ఏనాడూ తొక్కలేదు. చూడకుండానే నా కాలు దాన్ని దాటేది. ఆ కాలికి దాటడం ఎవరు నేర్పించారో నన్ను ఎవరూ అడగలేదు గానీ, నాకు తెలుసు.

మొత్తం విప్పేశాను.

ఈసారి గడపకు లోపల ఒక చెక్క దిమ్మె, బయట ఒక చెక్క దిమ్మె, రెండూ గడపకన్నా కొంచెం ఎత్తుగా చేశాను. వాటి మధ్య అడ్డంగా చిన్న పలక. దానికి ఒక వైపు మడత బందులు బిగించాను, పెట్టె మూతలాగా ఎత్తొచ్చు. ఏటవాలు తలుపు పై అంచును లోపలి దిమ్మెకు ఆనించాను. బయటి దిమ్మెను వెడల్పుగా, మంచంలాగా చేసి, చుట్టూ పాత కిటికీ కమ్మీలు బిగించాను. దిగే పని లేకుండా దాని మీదే కుర్చీ. నేను చెక్కలు బిగిస్తుంటే అమ్మ రెండో చివర పట్టుకుంది. "టీవీ చూడాలన్నా ఇంక కొండ ఎక్కాల మేము," అని సణిగింది గానీ, నేను వదలమన్నదాకా వదల్లేదు.

అవ్వ మళ్లీ వచ్చింది. నా మాట నమ్మలేదు.

"తగల్తా ఉండాదా?"

"తగల్లేదు."

"వంగి చూసేదానికి నాకు నడుము లేదు గదే."

ఫోనులో వీడియో పెట్టి, టార్చి వేసి, పలకకూ గడపకూ మధ్య సందులోకి మెల్లగా తోసి బయటికి తీశాను. తెచ్చి అవ్వ చేతికిచ్చాను. తెర మీద పలక అడుగు, దాని కింద ఖాళీ, ఆ కింద గడప, వెలుగులో పచ్చగా, మధ్యలో నేను ఊడదీసిన మచ్చ. పడినప్పటి నుంచి అవ్వ దాన్ని అంత దగ్గరగా చూడలేదు.

"ఇంకొక తడవ చూపియ్యి."

చూపించాను.

"మీ అమ్మ పసుపు సరిగ్గా పూయలేదు," అంది.

వంటింట్లోంచి అమ్మ, "వింటా ఉండాను!" అని అరిచింది.

ఆ రోజు శుక్రవారం కాదు. అయినా అవ్వ పసుపు కలిపి తెమ్మంది. మూత ఎత్తి, నేను కింద కూర్చుని పూశాను. అవ్వ పైనుంచి చూస్తోంది. "గోడకి పెయింటు కొట్టినట్టు కొడ్తావేందే? వేళ్లతో, మెల్లంగా. మూలలు వదలొద్దు." చాలా రోజుల తర్వాత తిట్టింది. తల ఎత్తలేదు నేను. ఎత్తితే కళ్లు చూసేస్తుంది.

పసుపు ఆరాక మూత దించాను. అవ్వ ఏటవాలు ఎక్కడం మొదలుపెట్టింది. నా చేతులు ఆమె వెనకే గాలిలో తేలుతున్నాయి.

"చేతులు తియ్యి."

"పడ్తావు అవ్వా."

"తియ్యమంటిని గదా!"

తీశాను. వాకర్ ముందుకు, ఒక కాలు, ఇంకో కాలు. చిన్న పలక మీదికి వచ్చాక ఆగింది. వంగలేదు కాబట్టి ద్వారబంధాన్ని చేత్తో తాకి కళ్లకు అద్దుకుంది. కుడికాలు ముందు పెట్టి బయటికి వెళ్లింది. కుర్చీలో కూర్చుని, కొంగు సర్దుకుని, వీధిని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది. నేనూ పక్కన నిలబడ్డాను.

"నువ్వేందే ఇక్కడ? పో, లోపల పని చూసుకో," అంది.

లోపలికి వచ్చి ఏటవాలు మీదే కూర్చున్నాను. ఎదురింటి అత్త గొంతు వినిపించింది. వాళ్లదీ తెలుగిల్లే. "అడడే! పెద్దమ్మా, బయటికి వచ్చేసినారా! ఇది ఎవురు చేసినారు?"

"మా ఇంటి ఆశారి," అంది అవ్వ. "కోపం జాస్తి. పని పరవాలే."

ఆఫీసు ఫోను మోగింది. శబ్దం ఆపేసి, తలుపుకు ఇంకాస్త దగ్గరగా జరిగి కూర్చున్నాను. వాళ్లిద్దరూ అప్పటికే వేరే ఎవరి గురించో మాట్లాడుకుంటున్నారు.