సూది వద్దన్న నాయన

మా నాయనకు మిగిలింది ఎడమకన్ను ఒక్కటే. కుడికంట్లో శుక్లం తీసే ముందు కంటి వెనక మత్తుసూది వేస్తే లోపల రక్తం కూడుకుని ఆ చూపు పోయింది. ఎంత జాగ్రత్తగా వేసినా ఎప్పుడో ఒకసారి అలా జరుగుతుందని ఆయనకు చెప్పాను. వినలేదు. నా మాటలోనూ బలం లేదు. తిరువళ్లూరులో నేను ఆయాగా ఉన్న కంటి ఆసుపత్రిలోనే, నేను పడుకోబెట్టిన బల్లమీదే అది జరిగింది మరి.

పంతొమ్మిది వందల డెబ్బైల చివరికి ఎడమకంటి శుక్లం కూడా ముదిరింది. తిరుత్తణి దగ్గర మా నేతవీధిలో మగ్గం ముందు కూర్చుని, పోగు కనబడక వేళ్లతో తడుముకునేవాడు.

"సూది లేకుండా చేస్తామంటే వస్తా. లేదంటే గుడ్డోడిగానే సస్తా," అన్నాడు. మా నాయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు.

మా పెద్ద డాక్టరుగారు చాలాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు. పాతకాలంలో చుక్కల మందుతోనే చేసేవాళ్లట. అయితే ఆ చుక్కలు కంటిని పైపైన మొద్దుబారుస్తాయే తప్ప గుడ్డు కదలకుండా ఆపలేవు. సూది ఆ రెండూ చేస్తుంది. కోత పెట్టాక నాయన చూపు పక్కకు తిప్పితే ఉన్న ఒక్క కన్నూ పోయినట్టే. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆ పొద్దున రైల్లో నాయన చేతులు చల్లబడిపోయాయి. "బయమేసినప్పుడు నీ పని తలుసుకో నాయనా," అని పెద్ద తెలివైనదానిలా సలహా ఇచ్చాను.

బల్లమీద పడుకోబెట్టి, ఐదేసి నిమిషాలకు ఒక చుక్క వేస్తూ వచ్చాను. రెప్పలు మూసుకోకుండా క్లిప్పు పెట్టారు. నేను తలవైపు నిలబడి రెండు చేతులతో ఆయన తల పట్టుకున్నాను. డాక్టరుగారు కోత పెట్టారు.

అంతలో గుడ్డు కుడికి జరిగింది. వెంటనే ఎడమకు. మళ్లీ కుడికి.

"ఆడాదీంగ అయ్యా!" కదలొద్దని డాక్టరుగారు అరవంలో అరిచారు. ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఏం చేస్తా ఉండావు నాయనా?"

"నువ్వు చెప్పినట్టే గదా. నేస్తా ఉండా."

మనసులో పోగు మోసే నాడె అటు పోతే కన్ను అటు, ఇటు వస్తే ఇటు. నలభై ఏళ్ల అలవాటు. నా నోరు పడిపోను, ఆ సలహా ఎందుకిచ్చానా అనుకున్నాను. వద్దంటే మళ్లీ భయపడతాడు. భయపడితే కన్ను అసలే నిలవదు.

"నాయనా, పోగు తెగింది," అన్నాను. "ఎదురుగా ఆ దీపం కాడ. ముడెయ్యి."

పోగు తెగితే నేతగాడు మగ్గం ఆపేస్తాడు. ముడి పడేదాకా ఆ ఒక్కచోటే చూస్తాడు. ఊపిరి కూడా గట్టిగా వదలడు. నాయన కన్ను బల్ల పైనున్న దీపం మీద నిలిచిపోయింది. డాక్టరుగారు శుక్లం తీసి, కుట్లు వేసేదాకా అది కదల్లేదు. నాయన ఒక్కసారి కూడా అమ్మా అనలేదు. మందు బాగా పట్టిందనుకున్నాను.

ఐదోరోజు కట్టు విప్పాం. మందపాటి అద్దం కంటిముందు పెడితే గోడమీది క్యాలెండరులో అంకెలు ఒక్కొక్కటే చదివాడు. నాకు ఏడుపు ఆగలేదు. ముక్కు తుడుచుకుని, "చూసినావా? సూది లేకపోయినా నొప్పే తెలీలేదు," అన్నాను గొప్పగా.

"తెలీకేం? లోపల ఏందో పట్టి ఈడ్సినప్పుడు పానం పోయింది."

నాకు ఒళ్లు మండింది. "అప్పుడే చెప్పకూడదా? ఇంకో చుక్క ఏసుందుము గదా!"

ఆయన నా ముఖంలోకి చూశాడు.

"నా తలకాయ పట్టుకోనుండే నీ చేతులు గడగడా వణకతా ఉండె. నొప్పి అనింటే నువ్వు ఇడిచేసుందువు బిడ్డా."