బావ కొట్టిన తాళం

పోయిన వారం భుజం నొప్పికని, తిరుపతిలో నేను పదకొండేళ్లు ఫిడేలుతో సంగీత చికిత్స చేసిన ఆసుపత్రికి రోగిగా వెళ్లి, చీటీ పట్టుకుని వరండాలో కూర్చున్నాను. పక్కగదిలో ఒక పాప డప్పు మీద అడ్డదిడ్డంగా కొడుతుంటే, ఒక అమ్మాయి కీబోర్డు మీద ఆ దెబ్బల వెంటే పాట అల్లుకుంటూ పోతోంది; పాప ఆగితే ఆగుతోంది, ఉరికితే ఉరుకుతోంది. నా పేరు రెండుసార్లు పిలిచినా లేవలేకపోయాను.

నన్ను ఎవరు ఎప్పుడు ఏమన్నారో మరిచిపోని మనిషినని మా ఇంట్లో నాకు పేరు. కచేరీకి పిలిచి చల్లారిన కాఫీ ఇచ్చినవాళ్లు సైతం గుర్తే. అన్నిటికన్నా గుచ్చుకున్నది మా బావ మాట. ఆయనది చిత్తూరులో బెల్లం మండీ. అక్క పెళ్లిలో నేను ఫిడేలు వాయించి దిగుతుంటే, పందిరి నిండా జనముండగా, "ఏం బామ్మర్దీ, ఈ కీచుకీచు కూడు పెడతాదా?" అన్నాడు. అందరూ నవ్వారు. ముప్పయ్యేళ్లు ఆ నవ్వును మోశాను.

అదే బావకు పక్షవాతం వచ్చి, మాట పోయి, కుడిచెయ్యి పడిపోయి, సంగీత చికిత్సకని నా గదికే వచ్చాడు. అక్కడి పద్ధతి ఒకటే: రోగి ఒళ్లో కంజీర అనే చిన్న డప్పు పెట్టి, ఆయన ఎట్లా కొడితే అట్లా, అప్పటికప్పుడు కల్పించుకుంటూ మనం వెంట పోవాలి. "తాళం వాళ్లది, పాట మీది సార్" అని మా డాక్టరమ్మ మొదటిరోజే చెప్పింది. శిష్యుడు తాళం తప్పితే అక్కడికక్కడే ఆపి, మళ్లీ మొదటినుంచి ఎత్తించే గురువు దగ్గర పెరిగినవాణ్ణి నేను. అయినా పరాయి రోగుల వెంట బాగానే పోయాను. బావ వెంట పోలేకపోయాను.

కొన్నాళ్లు ఎడమచేత్తోనే తట్టాడు. ఒక ఉదయం ఒక దెబ్బ పడింది, చాలాసేపటికి ఇంకొకటి, ఆ వెంటనే మూడోది. నేను ఫిడేలు కమాను పక్కన పెట్టి, ఆయన చెయ్యి పట్టుకుని ఆపి, మిగతా రోగులు వింటుండగా, "తాళం తప్పినావు బావా, ఇది బెల్లం తూకం కాదు" అన్నాను. ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడా.

వాకిట్లో నిలబడ్డ అక్క ఉరికి వచ్చింది. "అది కుడిచెయ్యిరా! నాలుగు నెలలకి ఇప్పుడు లేసింది. తాళం సూసినావు గానీ చెయ్యి సూడలేదే నువ్వు!"

చూడలేదనే అందరికీ చెప్పుకున్నాను. చూశాను. చూసే ఆపాను. అది చాలక, చికిత్స గదిలో రోగి భార్య గొంతు పెంచిందని ఆఫీసుకు ఫిర్యాదు కూడా రాసిచ్చాను.

తర్వాత డాక్టరమ్మే ఆయన్ను చూసింది. ఆమె దగ్గర మళ్లీ కొద్దికొద్దిగా తట్టేవాడట. నేను లోపలికి వస్తే మాత్రం ఎడమచేత్తో కుడిచేతిని తువ్వాలు కిందికి లాక్కునేవాడు. రెండేళ్ల కిందట పోయాడు. మాట తిరిగి రాలేదు కాబట్టి నన్ను ఏమీ అనలేదు. అనివుంటే అదీ గుర్తుపెట్టుకుని కోపంగా బతికేవాణ్ణి.

ఇప్పుడు ఇంట్లో నలుగురు పిల్లలకు ఫిడేలు చెబుతున్నాను. వాళ్లు తాళం తప్పితే ఆపడానికి నోరు రాదు. అయ్యవారు మునుపటిలా గట్టిగా చెప్పడం లేదని తల్లులు నొచ్చుకుంటున్నారు. ఆ మాటను మాత్రం నేను మనసులో పెట్టుకోవడం లేదు.