కుడివైపు నీడ

అబిడ్స్‌లో బాలమల్లు రాయని బోర్డు లేదని ఒకప్పుడు అనేవారు. కొంచెం ఎక్కువ చేసి చెప్పిన మాటే. కానీ చెప్పుల దుకాణం మొదలు వకీలు ఆఫీసు దాకా నలభై ఏళ్లు ఆ కుంచె తిరిగిన మాట నిజం. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని మూలన పడింది.

నాంపల్లి స్టేషన్ దగ్గర లాడ్జి నడిపే వామన్‌రావుకు అతనంటే పాత అభిమానం. ముందు హాల్లో గోడ చూపించి, "నీకు నచ్చిన బొమ్మ ఎయ్యన్నా. ఐతారం వరకు నాకు నచ్చకుంటే దానిమీదనే ఫ్లెక్సీ పెట్టిస్త, ఏమనుకోకు" అన్నాడు.

బాలమల్లుకు ఇంకేం కావాలి? పెళ్లయిన కొత్తలో కిష్టవ్వతో మేకలు తోలిన గుట్ట, ఆకు రాలి ఒళ్లంతా పూసిన మోదుగులు, వెనక నుంచి లేచే పొద్దు, అన్నీ గోడకెక్కించాడు. ఆ గుట్ట ఇప్పుడు ప్లాట్లయింది. ఈ గోడ మీదైనా మిగలాలని అతని ఆరాటం.

శుక్రవారం వామన్‌రావు చూసి గడ్డం గోక్కున్నాడు. "రంగులు మంచిగున్నయ్. కానీ ఎందుకో బోర్డు లెక్కనే ఉందన్నా."

ఆ పూట బాలమల్లుకు అన్నం సయించలేదు. మర్నాడు పొద్దున్నే భార్యను వెంటబెట్టుకొచ్చి గోడ ముందు కుర్చీ వేశాడు. కిష్టవ్వకు బొమ్మల సంగతి ఏం తెలుసు? కానీ మోదుగాకు కోసి విస్తర్లు కుట్టిన మనిషి, ఏ వేళకు ఏ చెట్టు నీడ ఎటుంటుందో ఎరిగిన మనిషి.

చాలాసేపు చూసి, "పొద్దేమో గుట్టెనక నుంచి లేస్తున్నది. నీడలన్నీ కుడిదిక్కు వంగినయ్. గట్లెట్ల పడ్తయ్?" అంది.

బాలమల్లు తెల్లబోయాడు. కుడివైపు నీడ పెడితేనే అక్షరం లేచి నిలబడుతుందని బోర్డుల పని నేర్పిన ఉస్తాద్ చెప్పిన మొదటి పాఠం. ఆ అలవాటే పాపం, చెట్లను కూడా అక్షరాలు చేసేసింది. సిగ్గేసింది, నవ్వూ వచ్చింది.

"నిన్ననే ఎందుకు చెప్పకపోయినవ్?"

"నిన్న నన్ను పిలిచినవా?"

సాయంత్రం దాకా పాత నీడల మీద రంగు పూసి, కొత్తవాటిని చూసేవాళ్ల కాళ్ల వైపు సాగేట్టు వేశాడు. పూలను ముదురు చేసి, అంచులకు మాత్రం వెలుగు అద్దాడు. ఫ్యాను కింద కూర్చున్న కిష్టవ్వ ఎండ తగిలినట్టు, తనకు తెలియకుండానే కొంగు నెత్తిమీదికి లాక్కుంది.

ఆదివారం వామన్‌రావు వచ్చి నిలబడ్డాడు. ఫ్లెక్సీ ఊసెత్తలేదు. "కింద నీ పేరు రాయన్నా" అన్నాడు.

ఊరందరి పేర్లు రాసిన చెయ్యి తన పేరు దగ్గర ఆగింది. ముందు కిష్టవ్వ అని రాసి, పక్కన తన పేరు రాశాడు. ఆ అక్షరాలకూ నీడ పెట్టాడు. అది కుడివైపు పడలేదు, మోదుగుల నీడతో పాటే ముందుకు సాగింది.