సముద్రంలో మునగని సూర్యుడు

ఒక సాయంత్రం నా మాట నమ్మి పాతికమంది కుర్చీలు లాక్కుని వచ్చి ఇసుకలో వరుసగా కూర్చున్నారు. వాళ్ళలో ఎవరైనా ఇది చదువుతుంటే క్షమించమని ముందే అడుగుతున్నాను. చాలామందికి తెలుగు రాదు కాబట్టి నా పరువుకి పెద్ద ప్రమాదం లేదనుకోండి. అయినా చెప్పేస్తే నా మనసు తేలికవుతుంది.

అప్పటికి నాకు ముప్పై ఎనిమిదేళ్ళు. అమెరికాలో, ఫ్రిస్కో అనే ఊళ్ళో ఒక కంపెనీలో ప్రాజెక్ట్ మేనేజర్ని. నేను అటు చూడమంటే అటు, ఇటు చూడమంటే ఇటు చూసే టీమ్ ఒకటి నా కింద ఉండేది. ఆ అలవాటు ఆఫీసులోనే వదిలేసి రావాలని నాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినే రకం కాదు నేను.

పెళ్ళయి పన్నెండేళ్ళు. మా ఆయన శ్రీధర్‌కీ నాకూ మధ్య మాటలు మూడు వాక్యాలకి కుదించుకుపోయాయి. "పిల్లల్ని నువ్వు పికప్ చేస్తావా?" "ట్రాష్ బయట పెట్టావా?" "మ్యూట్‌లో ఉన్నావా?" ఒకరోజు డిన్నర్ దగ్గర ఇరవై నిమిషాలు ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. కోపాలూ లేవు, పోట్లాటా లేదు. అది చూసి నాకు నిజంగా భయమేసింది. పోట్లాడుకుంటే సర్దుకోవచ్చు, ఏమీ లేనిచోట ఏం సర్దుకుంటాం?

వెంటనే మేం హనీమూన్‌కి వెళ్ళిన రిసార్ట్‌నే మళ్ళీ బుక్ చేశాను. డొమినికన్ రిపబ్లిక్‌లో, సముద్రం ఒడ్డున. చేతికి ఒక రంగు పట్టీ కడతారు. అది ఉంటే తిండీ, తాగుడూ, ఆటలూ, పాటలూ అన్నీ అందులోనే. పిల్లల్ని పక్క ఊరు కాపెల్‌లో మా అక్క దగ్గర దింపి ఫ్లైట్ ఎక్కాం.

పుంటా కానా ఎయిర్‌పోర్ట్ నుంచి వ్యాన్‌లో అరగంటకే రిసార్ట్ వచ్చేసింది.

"అప్పుడు గంట పైనే పట్టింది కదా," అన్నాడు శ్రీధర్.

"రోడ్లు బాగు చేశారు."

"దారిలో చెరుకు తోటలు ఉండేవి."

"కొట్టేశారు."

"బీచ్‌లో చెక్క వంతెన..."

"తీసేసి ఉంటారు."

నా జ్ఞాపకానికి అడ్డొచ్చిన ప్రతిదాన్నీ ఆ దేశం చేత పీకించేశాను. పైగా రెస్టారెంట్‌లో నెరిసిన మీసాల వెయిటర్ ఒకాయన కనబడితే, "పన్నెండేళ్ళ కిందట హనీమూన్‌కి వచ్చాం, గుర్తున్నామా?" అని అడిగాను. ఆయన గుండె మీద చెయ్యి వేసుకుని, "మిమ్మల్ని ఎలా మర్చిపోతాను మేడమ్, వెల్‌కమ్ బ్యాక్," అన్నాడు. నేను శ్రీధర్ వైపు, కోర్టులో తిరుగులేని సాక్షిని నిలబెట్టిన లాయర్‌లా చూశాను. ఆ వెయిటర్ ఉద్యోగంలో చేరి మూడు నెలలేనని తర్వాత తెలిసింది.

మర్నాడు బ్రేక్‌ఫాస్ట్ దగ్గర పక్క టేబుల్ నుంచి తెలుగు వినబడింది.

"పాన్‌కేక్ తెమ్మంటావా?"

"నీ మేనేజర్‌ని అడుగు."

ఇంత చక్కటి పోట్లాట విని నేను ఊరుకుంటానా? కుర్చీ అటు తిప్పాను. వాళ్ళు అమెరికాలోనే ఆష్‌బర్న్ నుంచి వచ్చిన కొత్త జంట, పెళ్ళయి నెల. అబ్బాయి ప్రణీత్‌ది భీమవరం, అమ్మాయి హారికది వరంగల్.

"హనీమూన్‌కి లాప్‌టాప్ తెచ్చిండు ఆంటీ," అంది హారిక. "నిన్న బీచ్‌ల గొడుగు కింద కూసొని ఆఫీసు సాఫ్ట్‌వేర్ డిప్లాయ్‌మెంట్ చేసిండు. నేను రేపటి ఫ్లైట్‌కి టికెట్ మార్చుకుంటున్న."

ఆంటీ అన్న మాట నాకు వినబడలేదు. వినబడకూడదని నిర్ణయించుకున్నాను.

"రెండు గంటలేనండి," అన్నాడు ప్రణీత్, మొహం మాడ్చుకుని. "కంపెనీ ద్వారా వీసా ఎక్స్‌టెన్షన్ నడుస్తోంది. ఈ టైమ్‌లో కుదరదని ఎలా చెప్తాను?"

ఇద్దరి కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి. నాకు జాలేసింది. జాలితో పాటు ఆత్మవిశ్వాసం కూడా పొంగుకొచ్చింది, అక్కడే వచ్చింది చిక్కు.

"హారికా, నా మాట విను. మేమూ ఇక్కడే, హనీమూన్ రెండో రోజే, మాటలు మానేశాం. సాయంత్రం ఇదే బీచ్‌లో చెరో పక్కకి తిరిగి కూర్చున్నాం. అంతలో సూర్యుడు మెల్లగా ఈ సముద్రంలోకి దిగాడు, ఎర్రటి రాగి చెంబుని నీళ్ళలో ముంచినట్టు. అది చూశాక కోపం నిలవదు. ఈ ఒక్క సాయంత్రం చూసి, అప్పటికీ వెళ్ళాలనిపిస్తే టికెట్ మార్చుకో."

"మునగకపోతే?"

"మునగకపోవడం ఏంటమ్మా? నాది గ్యారంటీ."

శ్రీధర్ నా మోచెయ్యి తట్టి, "పద్మా, ఒక్క నిమిషం," అన్నాడు.

"నువ్వాగు," అన్నాను.

హారిక ఒప్పుకుంది. నేను అక్కడితో ఆగి ఉంటే తప్పు నలుగురి మధ్యే ఉండేది. కానీ స్విమ్మింగ్ పూల్ దగ్గర ఒహాయో నుంచి వచ్చిన రిటైర్డ్ దంపతులకి చెప్పాను. వాళ్ళు యోగా క్లాసుకి చెప్పారు. సాయంత్రానికల్లా సముద్రానికి ఎదురుగా కుర్చీల వరుసలు వెలిశాయి. నేను ముందు నిలబడి, సోమవారం పొద్దున మీటింగ్ నడిపినట్టు, "ఇంకో పది నిమిషాలు," అని ప్రకటించాను.

పది నిమిషాలయింది. ఎదురుగా ఆకాశం నీలంగా ఉంది. ఇంకాస్త ముదురు నీలంగా మారింది. మబ్బులు కూడా లేవు, నెపం వేద్దామన్నా. అందరూ ఫోన్లు పైకెత్తి పట్టుకుని చేతులు నొప్పెట్టి దింపుకుంటున్నారు.

"కొంచెం లేట్ అవుతోంది," అన్నాను. సూర్యుడి గురించి ఆ మాట అన్నది చరిత్రలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఒహాయో పెద్దాయన చాలా మర్యాదగా గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, ఆయన మన వెనకాల ఉన్నాడనుకుంటాను."

పాతికమందీ ఒక్కసారి వెనక్కి తిరిగారు. రిసార్ట్ లాండ్రీ షెడ్డు పైన, ఆరేసిన తువ్వాళ్ళ మధ్య నుంచి, ఎర్రటి గుండ్రటి సూర్యుడు నింపాదిగా దిగిపోతున్నాడు. చూస్తుండగానే షెడ్డు వెనక్కి పడిపోయాడు.

ముందు ప్రణీత్ నోరు విప్పాడు.

"టెస్ట్ చేయకుండా ప్రొడక్షన్‌లోకి, నేరుగా జనంలోకి వదిలేశారండీ."

హారిక పగలబడి నవ్వింది. కుర్చీలోంచి జారి ఇసుకలో కూర్చుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. అతని భుజం మీద ఒక్కటి చరిచి, "ఆమెనేమనకు, పాపం," అంది. ఆ సాయంత్రం వాళ్ళిద్దరూ ఒకే ప్లేట్‌లో తిన్నారు. టికెట్ ఊసు మళ్ళీ రాలేదు. నా గ్యారంటీ అలా అడ్డదారిన నెగ్గింది.

జనం చెదిరాక శ్రీధర్ చెప్పాడు. ఆ పేరుతో ఈ రిసార్ట్ వాళ్ళకి రెండు రిసార్టులున్నాయట. మా హనీమూన్‌ది పడమటికి తిరిగిన ఒడ్డున. నేను బుక్ చేసింది తూర్పు ఒడ్డున ఉన్నది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"గేటు దగ్గరే."

"మరి చెప్పలేదేం?"

"మూడుసార్లు మొదలుపెట్టాను, నువ్వు సాగనిస్తేగా." చెప్పులు చేత్తో పట్టుకుని కాసేపు నడిచాడు. "తర్వాత చెప్పబుద్ధి కాలేదు. నువ్వు నాతో ఇంతసేపు మాట్లాడి ఎన్నాళ్ళయిందో. తప్పయితే అయింది, సాగనీ అనుకున్నాను."

నేనూ చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని ఆయన పక్కన నడిచాను.

మర్నాడు పొద్దున, అదే సముద్రంలోంచి సూర్యుడు పైకి వస్తాడని అందరికీ మళ్ళీ చెప్పాను. మా ఇద్దరం తప్ప ఎవరూ రాలేదు. సూర్యుడు మాత్రం వచ్చాడు. మేం చాలాసేపు కూర్చున్నాం. పిల్లల పికప్ గురించి గానీ, ట్రాష్ గురించి గానీ ఒక్క మాట రాలేదు. ఇంకేం మాట్లాడుకున్నామో మీకు చెప్పను.

కనుక యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, ఇకమీదట సూర్యచంద్రుల తరఫున నేనెవరికీ హామీ ఇవ్వను, సంతకం పెట్టను, కుర్చీలు వేయించను. వాన సంగతి మాత్రం ఇంకా ఆలోచిస్తున్నాను.