సూర్యుడికి స్విచ్ లేదు

ఈ ఉదయం మా డాబా మీద ఆరేసిన బట్టలు ఒక్కటీ కదల్లేదు. గవర్నర్‌పేటలో అప్పటికింకా షాపుల షట్టర్లు లేవలేదు. నేను ఆరిన చున్నీ తీస్తుంటే మా జట్టులోని స్నేహితురాలు ఫోన్ చేసింది.

"మాస్టారు పోయారే. నిద్రలోనే, గుండెపోటంట. అందరం పామర్రు వెళ్తున్నాం, రెడీగా ఉండు."

ఆయన మా కాలేజీ వర్క్‌షాప్ మాస్టారు. పామర్రు చుట్టుపక్కల పొలాల్లో ఏళ్ల తరబడి నీటి మోటార్లు బాగుచేసి, ఆ తర్వాత కాలేజీలో చేరారు. మేం ఎనిమిదిమంది విద్యార్థులం ఆయన సాయంతో ఒక డిజైన్ పోటీ కోసం సోలార్ ఇల్లు కడుతున్నాం. మూడు ముక్కలుగా విప్పి, లారీలో తీసుకెళ్లి, మళ్లీ బిగించుకునే ఇల్లు. వరద వస్తుందంటే మెరకకు తరలించవచ్చు.

ఆయన మా డ్రాయింగులు చూడకముందే మైదానంలో చిన్న గొయ్యి తీయించి బిందెడు నీళ్లు పోయించారు. మర్నాడు చూస్తే నల్లమట్టి అంచులు ఉబ్బి లోపలికి జారాయి.

"ఎండలకి పగిలిద్ది, వానలకి ఉబ్బిద్ది. దీని మీద ఇల్లు పెట్టాలంటే కాళ్లకి మరలుండాలి. పైకీ కిందికీ తిప్పుకోవాలి."

మా డ్రాయింగుల్లో ఆ మరలు లేవు.

వైరింగ్ పనికి ఆయన నన్ను ఎంచుకున్నారు. నేను తరగతిలో కూడా వెనక బెంచీలో పుస్తకం చాటున కూర్చునే రకం.

"నాకు భయమండీ," అన్నాను.

"దానికి లిఫ్ట్ ఎక్కాలన్నా భయమే మాస్టారూ," అంది నా స్నేహితురాలు.

"అయితే మరీ మంచిది. భయం లేనోడి చేతికి నేను వైరివ్వను."

ఇంట్లో స్విచ్ ఆపేస్తే బల్బు ఆరిపోతుంది. సోలార్ ప్యానెల్ అలా కాదు. ఎండ పడుతున్నంతసేపూ దాని వైర్లలో కరెంటు ఉంటుంది. "సూర్యుడికి స్విచ్ లేదమ్మా," అనేవారు. అందుకని పాత గొంగళ్లు నాలుగు కలిపి పెద్ద దుప్పటిగా కుట్టారు. వైర్లు ముట్టుకునే ముందు దాన్ని ప్యానెళ్ల మీద కప్పాలి. పని అయ్యాక ఆయనే ఇంటి కప్పు మీదికి వచ్చి, తన చేత్తో తీయాలి. అప్పటిదాకా ఎవరూ ముట్టుకోకూడదు.

రెండు నెలల కింద ఒక మధ్యాహ్నం ఆయన కింద కరెంటు పెట్టె దగ్గర వైర్లు కలుపుతున్నారు. నేను పైన ప్యానెళ్ల పక్కన ఉన్నాను. దుప్పటి తొలగింది. కింద చిట్లిన చప్పుడు, ఒక మెరుపు. ఆయన ఒక్కసారే అరిచారు. నేను నిచ్చెన ఎలా దిగానో గుర్తులేదు. ఆయన కుడి అరచెయ్యి కమిలిపోయింది.

హెచ్‌వోడీ గారు వచ్చి ఏమైందని అడిగారు.

"గాలికి దుప్పటి లేచిందండీ. దానికి తాళ్లు కట్టకపోవడం నాదే పొరపాటు."

నేను నేల చూస్తూ నిలబడ్డాను.

మూడో రోజు ఆయన కట్టుతోనే వచ్చి దుప్పటి నాలుగు మూలలకూ తాళ్లు కుట్టారు. ఎడమ చేత్తో కుడుతూ సూదిలోకి దారం నన్ను ఎక్కించమన్నారు. మూడుసార్లు తప్పింది. "నిదానం," అన్నారు. అంతకుమించి ఏమీ అనలేదు, ఆ రోజూ, ఆ తర్వాతా.

పోటీ వచ్చే వారం. ప్రయాణం తనకు పడదని కిందటి వారమే దుప్పటి మడిచి నా చేతిలో పెట్టారు.

"నువ్వే కలుపుతావు. అనుమానమొస్తే ఫోన్ చెయ్యి."

ఆ నంబరు ఇంకా ఫోన్‌లో పైనే ఉంది. పోటీ దగ్గర ఎండలో ఆ వైర్లు పట్టుకోవాల్సింది నేనే.

పామర్రులో ఆయన్ని పడుకోబెట్టి, చేతులు గుండెల మీద పెట్టారు. కుడి అరచెయ్యి కొంచెం పైకి తిరిగి ఉంది. కొత్త చర్మం ఇంకా లేత గులాబీ రంగులోనే ఉంది. అందరూ ముఖం చూసి ఏడ్చారు. నేను ఆ చేతినే చూశాను.

ఇప్పుడు దుప్పటి నా మంచం మీద ఉంది. నాలుగు తాళ్లూ కిందికి వేలాడుతున్నాయి. రేపు మా జట్టు కలుస్తుంది. వాళ్లకు చెప్పవలసింది మొదట ఇక్కడ రాస్తున్నాను.

ఆ మధ్యాహ్నం గాలి లేదు. ఆయన పని అయిపోయిందనుకుని దుప్పటి లాగింది నేను.